గాలి ప్రమాణాల లెక్కలో పంట ఎక్కడ?

(జిల్లా రైతు శిక్షణ తరగతుల్లో రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగ పాఠం. చోటు చాలక కొద్దిగా కుదించాం.)



నిన్నంతా మద్దతు ధర మీద, కౌలు రైతుల కార్డుల మీద చర్చ బాగా సాగింది. ఈ రోజు నాకు గాలి గురించి మాట్లాడమని అప్పగించారు. పొద్దున టీ దగ్గర ఒకాయన అడిగాడు: "గాలితో రైతు సంఘానికేం పని అన్నా? అది ఢిల్లీ వాళ్ల గొడవ కదా" అని. ఆయన రెండో వరసలో కూర్చున్నాడు. ఆయనకు చెప్పే జవాబే నా ప్రసంగం అనుకోండి.

మా పొలానికి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో ఒక థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. పేరు చెప్పను. మీలో చాలామంది ఊళ్ల దాపున అలాంటిదే ఒకటి ఉంది కాబట్టి పేరుతో పని లేదు. కొన్నేళ్ల కిందట నేను మిరప వేశాను. పుష్యమాసం, మంచు దట్టంగా పడే రోజులు. ఒక వారం గాలి అటు నుంచి మా వైపు తిరిగింది. తెల్లవారుజామున పొగ పైకి లేవకుండా పొలాల మీదే పరుచుకుంది, గొంతు మండింది. మూడో రోజుకు మిరపాకుల మీద ఈనెకూ ఈనెకూ మధ్య తెల్లగా పాలిపోయిన మచ్చలు వచ్చాయి. ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. ఆకు పట్టుకుని మందుల కొట్టుకు వెళ్లాను. తెగులు అన్నాడు, మందిచ్చాడు. కొట్టాను, తగ్గలేదు. ఇంకోటి ఇచ్చాడు. అదీ కొట్టాను. మీకు తెలిసిన కథే. చివరికి వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన చూసి, "ఇది తెగులు కాదయ్యా, గాలి దెబ్బ. సల్ఫర్ డయాక్సైడ్ తగిలితే ఆకు ఇలాగే పాలిపోతుంది" అన్నాడు.

అర్జీ రాసుకుని సంబంధిత కార్యాలయానికి వెళ్లాను. అక్కడి అధికారి మర్యాదగానే మాట్లాడాడు. ఆయన ఒకటే అడిగాడు: "ప్రమాణం దాటినట్టు మీ దగ్గర ఆధారం ఉందా?" నా చేతిలో ఎండిన ఆకు ఉంది. ఆయన దగ్గర పట్టణంలోని పరికరం నమోదు చేసిన ఇరవై నాలుగు గంటల సగటు ఉంది. ఆ సగటు ప్రమాణం లోపలే ఉంది. నేను ఇంటికి వచ్చేశాను.

ఆ రోజు నుంచి నాకు ఈ ప్రమాణం అనే మాట మీద కన్ను పడింది. అదెవరు పెట్టారు, దేన్ని చూసి పెట్టారు, అందులో నా మిరప చేను ఉందా లేదా? వకీలును కాను గానీ, చదవాల్సినవి చదివాను, తెలిసినవాళ్లను అడిగాను. తెలుసుకున్నది మీతో పంచుకుంటాను.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. ప్రమాణాలు రెండు రకాలు. ఒకటి, మనం పీల్చే గాలిలో ఏది ఎంతకు మించకూడదో చెప్పేది. దీన్ని పరిసర వాయు నాణ్యతా ప్రమాణం అంటారు. రెండోది, పొగగొట్టం నుంచి ఎంత వదలొచ్చో చెప్పేది. అది ఉద్గార ప్రమాణం. కాలువ భాషలో చెప్పాలంటే మొదటిది చెరువులో నీటి మట్టం, రెండోది తూము ఎంత ఎత్తాలన్న హద్దు. ఈ రెండింటినీ కలిపి ఎలా తిరగేస్తారో కాసేపట్లో చెప్తాను. అసలు కిటుకు అక్కడే ఉంది.

మన దేశంలో వాయు కాలుష్య నివారణ చట్టం 1981లో వచ్చింది. అందులో రెండో సెక్షన్ మొదటి నిర్వచనం చూడండి. వాయు కాలుష్య కారకం అంటే ఏమిటి? మనుషులకు గానీ, ఇతర ప్రాణులకు గానీ, మొక్కలకు గానీ, ఆస్తికి గానీ, పర్యావరణానికి గానీ హాని చేసేంత మోతాదులో గాలిలో ఉన్న ఏ పదార్థమైనా అని ఉంది. మొక్కలకు అని స్పష్టంగా రాశారు. అంటే చట్టం తలుపు దగ్గరే మన పంటను లోపలికి పిలిచింది. లోపలికి వెళ్లాక కూర్చోవడానికి పీట వేశారా అన్నదే ప్రశ్న.

గాలి నాణ్యతా ప్రమాణాలు పెట్టే అధికారం కేంద్ర కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చారు. మొదటిసారి 1982లో పెట్టారు. 1994లో మార్చారు. అప్పుడు పారిశ్రామిక ప్రాంతానికి ఒక హద్దు, నివాస ప్రాంతాలకు, పల్లెలకు ఒకటి, సున్నిత ప్రాంతాలకు ఒకటి. ఫ్యాక్టరీల పక్కన బతికే కూలివాడి ఊపిరితిత్తులు ఇనుముతో చేసినవా అని అప్పట్లో అడిగినవాళ్లున్నారు. 2009 నవంబరులో ఆ తేడా తీసేశారు. పరిశ్రమలు, నివాసాలు, పల్లెలు అన్నింటికీ ఒకే వరస పెట్టారు. అది మంచి మార్పే. మొత్తం 12 కాలుష్య కారకాలకు హద్దులు పెట్టారు. ఆ తర్వాత ఇప్పటిదాకా ఆ పట్టిక మారలేదు.

ఆ పట్టికలో రెండు మూడు అంకెలు చెప్తాను. సన్నటి ధూళి, పీఎం 2.5 అంటారే, దానికి ఏడాది సగటు ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన హద్దు 5. మన హద్దు దానికి ఎనిమిది రెట్లు. దీని మీద పార్లమెంటులో అడిగినప్పుడల్లా కేంద్రం చెప్పే జవాబు ఒకటే: ఆ సంస్థ చెప్పేది సలహా మాత్రమే, ప్రతి దేశం తన పరిస్థితిని బట్టి తన ప్రమాణం పెట్టుకుంటుంది అని. అది అబద్ధం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దశలవారీ లక్ష్యాలు పెట్టుకోవచ్చని చెప్పింది. కానీ దశ అంటే ఎప్పుడో ఒకప్పుడు తర్వాతి మెట్టు ఎక్కాలి కదా. 2009 నుంచి అదే మెట్టు మీద నిలబడి ఉన్నాం.

ఇక సల్ఫర్ డయాక్సైడ్. ఏడాది సగటు 50, ఇరవై నాలుగు గంటల సగటు 80. గంట లెక్కన హద్దు లేదు. నా మిరప చేను కథంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది. మొక్కకు దెబ్బ తగలడానికి రోజంతా అక్కర్లేదు. ఆకు రంధ్రాలు తెరుచుకుని, గాలిలో తేమ ఉన్న వేళ నాలుగైదు గంటలు గట్టిగా తగిలితే చాలు. మిగతా పంతొమ్మిది గంటలు గాలి బాగుంటే సగటు కిందికి దిగిపోతుంది. పాసు మార్కులు వచ్చేస్తాయి. అమెరికాలో ఇదే వాయువుకు 2010 నుంచి గంట ప్రమాణం ఉంది.

ఓజోన్ సంగతి ఇంకా చిత్రం. ఇది ఏ గొట్టం నుంచీ రాదు. బండ్ల నుంచి, బొగ్గు నుంచి వచ్చే నైట్రోజన్ ఆక్సైడ్లు, మరికొన్ని ఆవిర్లు ఎండలో కలిసి గాలిలోనే తయారవుతుంది. నగరం నడిబొడ్డున వాహనాల పొగే దాన్ని కొంత తినేస్తుంది. గాలివాలున ఉన్న పల్లెలకు వచ్చేసరికి పెరుగుతుంది. అంటే నగరంలో పుట్టి మన పొలంలో పండే విషం ఇది. ఆకు పైభాగాన గుండుసూది మొనలాంటి చుక్కలు, తొందరగా పండుబారడం, గింజ సరిగా పాలు పోసుకోకపోవడం. చాలాసార్లు చుక్కలు కూడా కనిపించవు, దిగుబడి మాత్రం తగ్గుతుంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్తలు, మరికొందరు కలిసి 2014లో ప్రచురించిన ఒక అంచనా ఉంది. 2005 సంవత్సరానికి లెక్క కట్టారు. ఓజోన్ వల్ల మన దేశం కోల్పోయిన గోధుమ సుమారు 35 లక్షల టన్నులు, వరి సుమారు 21 లక్షల టన్నులు. ఇది ఎవరో కార్యకర్త చెప్పిన మాట కాదు, శాస్త్ర పత్రికలో వచ్చిన అంచనా. అంచనా కాబట్టి అటూ ఇటూ ఉంటుంది. సగానికి తగ్గించుకున్నా ఎంత ధాన్యమో ఆలోచించండి. దీనికి పంట బీమాలో గడి లేదు. విపత్తు సాయంలో గడి లేదు. మనకే తెలియని నష్టం కాబట్టి మనం అడగనూ లేదు.

మన పట్టికలో ఓజోన్‌కు హద్దు ఉంది. ఎనిమిది గంటలకు 100, గంటకు 180. అది మనిషి ఊపిరి చూసి పెట్టింది. పంటకు కావాల్సిన లెక్క వేరు. చేను పెరిగే నెలల్లో పగటిపూట ఎన్ని గంటలు, ఎంత మోతాదు సోకిందో కూడుకుంటూ పోవాలి. యూరప్‌లో 2008 నాటి ఆదేశంలో అలాగే చేశారు. మే నుంచి జులై దాకా పగటిపూట ఒక గీత దాటిన మోతాదునంతా గంట గంటకూ కూడి, మొక్కల రక్షణ కోసమని విడిగా లక్ష్యం పెట్టారు. అమెరికా చట్టంలో ప్రమాణాలు రెండు అంచెలు. మొదటి అంచె మనుషుల ఆరోగ్యానికి. రెండో అంచె ప్రజా సంక్షేమానికి. సంక్షేమం అంటే ఏమిటో చట్టమే వివరించింది: నేల, నీరు, పంటలు, చెట్లు, పశువులు అని. అక్కడ ఆ రెండో అంచె సక్రమంగా అమలవుతోందని నేను చెప్పడం లేదు. అక్కడా కంపెనీలు కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉంటాయి. కానీ అడగడానికి అక్కడి రైతుకు చట్టంలో ఒక పేజీ ఉంది. మనకు నిర్వచనంలో ఒక మాట ఉంది, పట్టికలో వరస లేదు.

ఇక్కడ పాత సంగతి ఒకటి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. కెనడాలో ట్రెయిల్ అనే ఊళ్లో సీసం, జింకు కరిగించే పెద్ద కొలిమి ఉండేది. అమెరికా సరిహద్దుకు దగ్గర. దాని సల్ఫర్ పొగ నది లోయ వెంట దిగి, అమెరికా వైపున వాషింగ్టన్ రాష్ట్ర రైతుల పంటల్ని, చెట్లను మాడ్చేది. రైతులు ఊరుకోలేదు. విషయం రెండు ప్రభుత్వాల మధ్యకు వెళ్లింది. మధ్యవర్తి ట్రిబ్యునల్ 1938లో ఒక తీర్పు, 1941లో చివరి తీర్పు ఇచ్చింది. నష్టపరిహారం ఇప్పించడమే కాదు, పంట పెరిగే కాలంలో ఎంత వదలాలి, మిగతా కాలంలో ఎంత వదలాలి, గాలి కదలిక ఎలా ఉంటే ఎంత తగ్గించాలి అని కొలిమికి నియమాలు పెట్టింది. సరిహద్దు దాటిన కాలుష్యంపై అంతర్జాతీయ న్యాయ పుస్తకాల్లో మొదట చెప్పే తీర్పు ఇదే. పొగ చట్టం నగరవాసుల దగ్గుతో మొదలైందనుకుంటాం. ఈ తీర్పు మాత్రం రైతుల మాడిన చేల నుంచి వచ్చింది.

ఇప్పుడు మన పొగగొట్టాల దగ్గరకు వద్దాం.

2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ శాఖ బొగ్గు విద్యుత్ కేంద్రాలకు కొత్త ఉద్గార ప్రమాణాలు ప్రకటించింది. అంతకు ముందు ధూళికి తప్ప సల్ఫర్‌కు, నైట్రోజన్ ఆక్సైడ్లకు, పాదరసానికి దేశవ్యాప్త హద్దు లేదు. కొత్త నియమం ప్రకారం పాత కేంద్రాల్లో 500 మెగావాట్లు, ఆపై యూనిట్లకు సల్ఫర్ డయాక్సైడ్ 200 మిల్లీగ్రాములు, చిన్నవాటికి 600. 2017 తర్వాత వచ్చేవాటికి 100. దీనికి పొగను సున్నపురాయి కలిపిన నీటితో కడిగే యంత్రం కావాలి. ఎఫ్‌జీడీ అంటారు. రెండేళ్లు గడువిచ్చారు, 2017 డిసెంబరు దాకా.

తర్వాత ఏమైందో వినండి. 2017 వచ్చింది, గడువు 2022 దాకా పొడిగించారు. 2021లో కేంద్రాలను మూడు తరగతులుగా విడగొట్టి, 2022 నుంచి 2024 దాకా అన్నారు. 2022 సెప్టెంబరులో సల్ఫర్‌కు మళ్లీ పెంచారు. 2024 డిసెంబరు 30న ఇంకోసారి పెంచి 2027, 2028, 2029 అన్నారు. మధ్యలో 2020లో నైట్రోజన్ ఆక్సైడ్ల హద్దును 2003 నుంచి 2016 మధ్య కట్టిన యూనిట్లకు 300 నుంచి 450కి సడలించారు. మనం పంట రుణం వాయిదా ఒక్కసారి తప్పితే బ్యాంకువాళ్లు ఇంటి గుమ్మం ముందు కూర్చుంటారు.

చివరికి 2025 జులై 11న అసలు ముడి విప్పేశారు. పది లక్షలు దాటిన నగరాలకు, ఢిల్లీ ప్రాంతానికి పది కిలోమీటర్ల లోపు ఉన్న కేంద్రాలు ఎ తరగతి. అవి 2027 చివరికల్లా ప్రమాణం పాటించాలి. తీవ్రంగా కలుషితమైన ప్రాంతాలకు, ప్రమాణం అందుకోని నగరాలకు పది కిలోమీటర్ల లోపు ఉన్నవి బి తరగతి. వాటి సంగతి నిపుణుల కమిటీ ఒక్కొక్కటిగా తేలుస్తుంది. మిగిలినవన్నీ సి తరగతి. దేశంలోని బొగ్గు యూనిట్లలో ఇవి సుమారు 78 శాతం. వీటికి సల్ఫర్ ప్రమాణం నుంచి మినహాయింపు. పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలు.

సి తరగతి అంటే ఎవరు? నగరం దగ్గర లేని కేంద్రాలు. నగరం దగ్గర లేవంటే ఎవరి దగ్గర ఉన్నట్టు? మన దగ్గర.

ఎత్తు గొట్టం గురించి ఒక మాట. మన దేశంలో 500 మెగావాట్ల యూనిట్‌కు 275 మీటర్ల గొట్టం కట్టించేవారు. గొట్టం ఎత్తు పెరిగితే పొగ తగ్గదు. దూరం పోతుంది, పల్చబడుతుంది. పక్క ఊరికి కొంత మేలే. పది మైళ్ల అవతలి ఊరికి ఆ మేరకు వాటా వస్తుంది. దారిలో అది సల్ఫేట్ ధూళిగా మారి పీఎం 2.5లో కలుస్తుంది.

ప్రభుత్వం చెప్పే కారణాలను కొట్టిపారేయకుండా చూద్దాం, ఎందుకంటే ప్రత్యర్థి వాదన తెలియకుండా అర్జీ రాస్తే అది మొదటి టేబుల్ దగ్గరే ఆగిపోతుంది. ఒకటి, మన బొగ్గులో గంధకం తక్కువ, అర శాతం దరిదాపు. నిజమే. కానీ మన బొగ్గులో బూడిద ఎక్కువ, వేడి తక్కువ. యూనిట్ కరెంటుకు ఎక్కువ బొగ్గు కాల్చాలి. రెండు, ఎఫ్‌జీడీ పెడితే కరెంటు ఖర్చు పెరుగుతుంది. యూనిట్‌కు 25 నుంచి 30 పైసలని పరిశ్రమ వర్గాలు పత్రికలకు చెప్పాయి. ఇది మనల్ని తాకే మాట. మన మోటార్లు ఆ కరెంటుతోనే తిరుగుతాయి, ఉచిత విద్యుత్ సబ్సిడీ బిల్లు అక్కడి నుంచే వస్తుంది. ఆ ఖర్చు వినియోగదారుడి మీదే వేయాలా, కంపెనీ లాభంలోంచి, బొగ్గు మీద వసూలు చేసే పన్నులోంచి కొంత భరించాలా అన్న చర్చ మనమూ చేయాలి. కానీ ఇప్పుడు మాత్రం ఖర్చు లేదా? ఉంది. నేను కొట్టిన రెండు మందుల ఖర్చు, పోయిన కాపు, అది ఎవరి బిల్లులోనూ అచ్చు కాదు. అంతే తేడా.

మూడు, ఎఫ్‌జీడీకి నీళ్లు కావాలి, సున్నపురాయి తవ్వాలి. ఇదీ నిజమే. నీళ్ల దగ్గర మనం కచ్చితంగా ఉండాలి. అయితే కడిగాక మిగిలేది ఏమిటో తెలుసా? జిప్సం. వేరుశనగకు ఊడలు దిగే వేళ మనం కొనుక్కుని వేసే జిప్సం, చౌడు నేలలకు వేసే జిప్సం. అందులో పాదరసం లాంటి బరువు లోహాలు లేవని పరీక్ష చేశాకే పొలానికి రానివ్వాలి, ఆ జాగ్రత్త వేరు. ఇంకొకాయన నాతో వాదించాడు: గంధకం మొక్కకు పోషకమే కదా, ఉచితంగా పడుతుంటే కాదనడం ఎందుకు అని. ఆయన మాటలోనూ కొంత ఉంది. యూరప్‌లో గాలిలో సల్ఫర్ బాగా తగ్గాక ఆవజాతి నూనెగింజలకు గంధకం కొరత వచ్చి ఎరువుగా వేయాల్సి వచ్చింది. కానీ యూరియా పోషకమే అని నిద్రపోతున్న చేను మీద ఎవరో ఇష్టమొచ్చినంత చల్లిపోతే ఒప్పుకుంటామా? ఎంత వేయాలో, ఎప్పుడు వేయాలో రైతు చేతిలో ఉండాలి.

నాలుగో కారణం అసలైనది. దేశంలో చాలాచోట్ల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ఇప్పటికే పరిసర ప్రమాణం లోపలే ఉంది, కాబట్టి గొట్టం మీద ప్రమాణం అక్కర్లేదు అన్నారు. ఇందాక చెప్పిన చెరువు, తూము గుర్తుందా? చెరువు నిండలేదు కాబట్టి తూముకు హద్దెందుకు అంటున్నారు. సరే, ఆ మట్టం ఎక్కడ కొలిచారు? కొలిచే కేంద్రాల్లో చాలా ఎక్కువ పట్టణాల్లోనే ఉన్నాయి. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం చూడండి. 131 నగరాలు. ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడ, విశాఖ మొదలు 13. తెలంగాణలో హైదరాబాదు, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి. డబ్బు, పరికరాలు, లక్ష్యాలు అన్నీ నగరాలకే. పల్లెలో కొలవరు. కొలవని చోట ప్రమాణం దాటదు. దాటలేదు కాబట్టి హద్దు అక్కర్లేదు. ఇదీ ఆ వాదన వెళ్లిన దారి.

ఇక రైతు ఈ చట్టాల్లో అసలు కనిపించడా అంటే, కనిపిస్తాడు. ముద్దాయిగా. పంజాబ్, హర్యానా కొయ్యకాళ్ల సంగతి మీకు తెలుసు. అక్కడ కొయ్యకాళ్లు కాల్చడం మంచిదని నేను అనను. అక్టోబరు, నవంబరులో ఢిల్లీ పొగలో దాని వాటా ఉంది, ఆ పొగ మొదట పీల్చేది ఆ రైతు పిల్లలే. కానీ అది ఎలా వచ్చిందో చూడండి. 2009లో పంజాబ్ ప్రభుత్వం భూగర్భ జలాలు కాపాడాలని చట్టం చేసి, జూన్ 10కి ముందు వరి నాట్లు వేయకూడదంది. మంచి ఉద్దేశమే. నాటు వెనక్కి జరిగింది, కోత వెనక్కి జరిగింది, గోధుమ విత్తడానికి మధ్యలో మిగిలింది రెండు మూడు వారాలు. కోత యంత్రం మోకాలెత్తు కొయ్యలు వదిలిపెడుతుంది. కూలీ పెట్టి తీయించే స్తోమత లేదు, గోధుమకు అదను దాటుతుంది. అగ్గిపుల్ల గీస్తాడు. నీళ్ల చట్టం చేసినవాడు గాలి సంగతి అడగలేదు, గాలి చట్టం చేసినవాడు సేద్యం సంగతి అడగలేదు. మన దగ్గరా యంత్రం కోతలు వచ్చాక యాసంగి కొయ్యలకు నిప్పు పెట్టడం పెరుగుతోంది. పశువులు తగ్గాయి, గడ్డి మోసుకునేవాళ్లు తగ్గారు. రేపు ఆ చట్టం మన గుమ్మానికీ రావచ్చు, కాబట్టి శ్రద్ధగా వినండి.

2020 అక్టోబరులో ఢిల్లీ పరిసరాల గాలి కోసం కేంద్రం ఆర్డినెన్స్ తెచ్చింది. ఐదేళ్ల జైలు, కోటి రూపాయల జరిమానా. అందులో రైతూ ఉన్నాడు. ఆ తర్వాతి నెల చివర్లో ఢిల్లీ సరిహద్దుల్లో రైతాంగ పోరాటం మొదలైంది. ఆ చర్చల్లో రైతు సంఘాలు పట్టుబట్టి ఇది తీసేయించాయి. 2021 ఆగస్టు చట్టంలో కొయ్యకాళ్ల విషయంలో రైతుకు జైలు శిక్ష వర్తించదని రాశారు. కానీ పక్క సెక్షన్‌లోనే పర్యావరణ పరిహారం పేరుతో వసూలుకు దారి ఉంచారు. 2024 నవంబరులో దాన్ని రెట్టింపు చేశారు. రెండెకరాల లోపు 5,000, ఐదెకరాల లోపు 10,000, ఆపైన 30,000 రూపాయలు. 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ధర్మాసనం కొందరిని జైల్లో పెడితే మిగతావారికి సందేశం వెళ్తుంది కదా అని కూడా అడిగింది.

అదే కాలంలో ఇటు ఏం జరిగింది? 2023 నాటి జన విశ్వాస్ చట్టంతో వాయు చట్టంలోని చాలా ఉల్లంఘనలకు జైలు శిక్ష తీసేసి 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానాగా మార్చారు. వ్యాపారం సులభం కావాలని అన్నారు. వేలకోట్ల కేంద్రానికి గరిష్ఠం 15 లక్షలు, మూడెకరాల రైతుకు పదివేలు. ఎవరి ఆదాయంలో అది ఎంత భాగమో మీరే లెక్క వేసుకోండి.

మరి మనకు దారి లేదా? ఉంది, ఇరుకైనది. 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలో పదిహేనో సెక్షన్ కింద కాలుష్య బాధితులు పరిహారం అడగవచ్చు. ఏయే నష్టాలకు అడగవచ్చో చట్టం చివర రెండో షెడ్యూలులో రాశారు. అందులో పంటలు, కూరగాయలు, చెట్లు, తోటలు అని ఉంది. పాడి పశువులు, కాడి పశువులు అనీ ఉంది. నష్టం మొదట జరిగిన నాటి నుంచి ఐదేళ్ల లోపు దరఖాస్తు చేయాలి. మన రెండు రాష్ట్రాలకు దక్షిణ బెంచి చెన్నైలో ఉంది. కానీ అక్కడ కూడా మొదటి ప్రశ్న నాకు ఆ కార్యాలయంలో ఎదురైనదే: ప్రమాణం దాటిందా? 2025 జులై ముందు, గొట్టం నుంచి 200 వదలాల్సింది వెయ్యి వదిలారని ఆన్‌లైన్ మీటరు లెక్క తీసి చూపించే అవకాశం ఉండేది. ఇప్పుడు సి తరగతి కేంద్రానికి దాటడానికి గీతే లేదు. ప్రమాణం తీసేయడమంటే పొగను వదలనివ్వడం ఒక్కటే కాదు, బాధితుడి చేతిలో సాక్ష్యాన్ని తీసేయడం కూడా. ఈ నష్టం మీద పత్రికల్లో పెద్దగా ఎవరూ రాయలేదు. అందుకే ఈ రోజు ఇంతసేపు తీసుకున్నాను.

కనుక మన సంఘం తరఫున నాలుగు విషయాలు తీర్మానంలో పెట్టమని కోరుతున్నాను. పరిసర ప్రమాణాల పట్టికను సవరించేటప్పుడు పంటల రక్షణకు విడిగా హద్దులు పెట్టాలి. సల్ఫర్‌కు గంట ప్రమాణం, ఓజోన్‌కు పంటకాలపు లెక్క రావాలి. ప్రతి బొగ్గు కేంద్రం చుట్టూ ఉన్న వ్యవసాయ గ్రామాల్లో, కనీసం గాలివాలు దిక్కున, కొలిచే పరికరాలు పెట్టి అంకెలు పంచాయతీ బోర్డు మీద రాయాలి. సి తరగతి మినహాయింపును ఎత్తేయాలి, లేదా కనీసం బి తరగతిలా ఒక్కో కేంద్రాన్ని పరిశీలించి, ఆ విచారణలో రైతుల మాట వినాలి. కొయ్యకాళ్లకు జరిమానా కాదు, కోత యంత్రానికి గడ్డి కోసే పరికరం, గడ్డికి ధర కావాలి. మొదటి మూడూ ఢిల్లీలో తేలాలి. నాలుగోది రాష్ట్రం తలచుకుంటే వచ్చే సీజనుకే అవుతుంది.

ఈలోగా మనం చేసేది ఒకటుంది. మచ్చ కనిపించిన రోజే తేదీ, వేళ, గాలి దిక్కు, మంచు ఉందా లేదా పుస్తకంలో రాయండి. ఫోటో తీయండి. ఆకుతో పాటు పక్కచేల కలుపు మొక్కల్నీ చూడండి. తెగులైతే ఒక పంటనే పడుతుంది, గాలి దెబ్బయితే రెండు మూడు రకాల మొక్కల మీద ఒకేసారి, ఒకే దిక్కున కనిపిస్తుంది. వ్యవసాయాధికారిని పిలిచి పంచనామా రాయించండి, ఆయన సంతకం తీసుకోండి. ఆ రోజుల ఉద్గారాల లెక్కల కోసం కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. నేను ఇవేవీ చేయలేదు, మందు కొట్టి కూర్చున్నాను. నా ఐదేళ్లు దాదాపు అయిపోవచ్చాయి.

దరఖాస్తు నమూనా, పంట నష్టం రాసుకునే పట్టిక అచ్చు వేయించాం, తలుపు దగ్గర బల్ల మీద ఉన్నాయి. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల నుంచి వచ్చినవాళ్లు భోజనాల తర్వాత వెనక గదిలో కలవండి. ఎవరి ఊరు ఏ దిక్కున ఉందో ముందు ఒక పటం గీసుకుందాం. రెండో వరసలో ఉన్న అన్న కూడా రావాలి. ఆయన మామిడి తోట కేంద్రానికి ఈశాన్యాన ఉందని ఇందాకే తెలిసింది.